పిల్లికి కొర్రంబలి

కొత్త కమిషనరు గారు వచ్చేదాకా ఏటిపట్నంలో పిల్లుల తిండికి ఏ లోటూ ఉండేది కాదు. ఊళ్ళో చేపల బజారుంది, పెళ్ళిళ్ళున్నాయి, పాలగిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయే ఇల్లాళ్ళున్నారు, అన్నిటికీ మించి ఎలుకలున్నాయి. ఏ పిల్లి ఏం తింటోందో ఎవరూ కనుక్కోలేదు. ఏ పిల్లీ ఎవరికీ చెప్పుకోలేదు. ఊరి వ్యవహారం అలా సాఫీగా జరిగిపోతుండగా కమిషనరు శశిభూషణ్ గారు బదిలీ మీద వచ్చి దిగారు.

ఆయన అన్నం మానేసి కొర్రలు పట్టిన మనిషి. ఆయనొక్కడూ పడితే ఎవరికీ బాధ లేదు. కాని పెద్ద ఉద్యోగి ఉప్పు మానేస్తే కింది ఉద్యోగుల కూరల్లో కూడా ఉప్పుండకూడదు కదా. ఆఫీసు క్యాంటీన్లో గారెలు పోయి అండుకొర్రల ఉప్మా వచ్చింది. గేటు పక్కన ముప్పొద్దులా పొగలు కక్కే బజ్జీల బండి "ప్రజారోగ్య ప్రతిబంధకం" అని తేలి, లారీ ఎక్కి ఊరవతలికి పోయింది. గుమాస్తాలు కమిషనరు గారి ఎదట కొర్ర బిస్కట్లు కొరికి, సాయంత్రం సైకిళ్ళేసుకుని ఊరవతలికి పోయి బజ్జీలు తినడం నేర్చుకున్నారు. దీనివల్ల వాళ్ళకి వ్యాయామం కూడా జరుగుతోందని కమిషనరు గారు పై ఆఫీసుకి రాసుకున్నారు.

ఇంతలో రాష్ట్ర స్థాయిలో ఆరోగ్య పట్టణాల పోటీ అని ఒకటి వచ్చిపడింది. దాని నిబంధనల్లో ఒక మూల "పట్టణమందలి పెంపుడు జంతువులు సైతము సమతులాహారము స్వీకరించుచుండవలెను" అని ఉంది. రాసినవాడు ఏ మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ రాశాడో గాని, ఆ మాట కమిషనరు గారి కళ్ళలో పడింది. ఆవుల సంగతి తేలిగ్గా తేలిపోయింది. అవి గోడల మీద పోస్టర్లు తింటున్నాయి కనక పీచుపదార్థానికి కొదవ లేదన్నారు. కుక్కల్ని దగ్గరికి పోయి అడిగే సాహసం ఎవరూ చెయ్యలేదు. మిగిలినవి పిల్లులు.

వెంటనే మార్జాల పోషణ విభాగం ఏర్పడింది. ముందు ఎసరు పెట్టి తరవాత బియ్యం ఉన్నాయా అని డబ్బా చూసుకోవడం మన ఇళ్ళలో జరగదు గాని, ఆఫీసుల్లో అదే క్రమం. ఊళ్ళో పిల్లులు ఎన్ని ఉండవచ్చో అంచనా వేశారు, అంచనాకి తగ్గ సిబ్బందిని వేశారు, సిబ్బందికి తగ్గ కొర్రలు తెప్పించారు. పుండరీకాక్షరావు గారిని పోషణాధికారిని చేశారు. అంతకుముందు ఆయన దోమల నిర్మూలన చూసేవాడు. దోమలు పెరిగిన కొద్దీ ఆయనా పైపైకి పెరిగి ఇక్కడిదాకా వచ్చాడు. అన్నీ అమిరాక, ఇక పిల్లుల్ని వెతకడానికి ఆయన జనంతో సహా వీధుల్లోకి దిగాడు.

అక్కడ వచ్చింది చిక్కు. మన వైపు పిల్లిని ఎవరూ పెంచరు. దాన్ని ఇంట్లో తిరగనిస్తారు, అంతే. ఒకింట్లో పాలు తాగుతుంది, ఒకింట్లో పడుకుంటుంది, పిల్లల్ని పెట్టి ఏడిళ్ళు తిప్పుతుంది. ఎవరిదని అడిగితే "పక్కింట్లోంచి వస్తుందండి" అంటారు. పక్కింటివాళ్ళు వీళ్ళ వైపే వేలు చూపిస్తారు. పైగా మున్సిపాలిటీ మనిషి గుమ్మంలో నిలబడి మీకు ఫలానాది ఉందా అని అడిగితే లేదనే చెప్పాలని ఏటిపట్నంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఉందంటే పన్నేస్తారు. వీధులన్నీ తిరిగినా, ఒళ్ళో పిల్లిని పెట్టుకుని నిమురుతున్న ముసలమ్మతో సహా, ఊళ్ళో ఒక్కరికీ పిల్లి లేదు.

పుండరీకాక్షరావుకి చెమటలు పట్టాయి. పిల్లి లేకపోతే విభాగం లేదు, విభాగం లేకపోతే మళ్ళీ దోమలే గతి. ఆఖరి వీధి ఆఖరి కొట్టు పేరిందేవమ్మది. బియ్యం కొట్టు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఒక్కర్తే నడుపుకుంటోంది. బియ్యంలో రాళ్ళున్నాయా అని అడిగితే "ఆయ్, ఉన్నాయండి, ఏరుకోవాలి" అని చెప్పే రకం. ఆ కొట్టు ఇన్నేళ్ళుగా ఒక్క గదిలోనే ఎందుకుండిపోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆయన వచ్చేసరికి ఆవిడ సత్తుగిన్నెలో అన్నం మెత్తగా పిసికి, అందులో చేప తలకాయ చిదుపుతోంది.

"ఎవరికమ్మా అది?"

"మా మునసబుకండి."

బియ్యం బస్తాల మీంచి బూడిదరంగు పిల్లి ఒకటి ఒళ్ళు విరుచుకుని దిగింది. మూతికి రెండువైపులా నల్లటి మచ్చలుండి, పాతకాలం మునసబు గారి మీసంలా ఉంటాయి. అందుకే ఆ పేరు.

"పిల్లి... మీదేనా?" అన్నాడు పుండరీకాక్షరావు.

ఎదురింటి అరుగు మీంచి గవరమ్మ రెండు చేతులూ ఊపింది, కళ్ళెర్రజేసింది, నోటి మీద వేలేసుకుంది. పేరిందేవమ్మ చూసి కూడా చూడలేదు.

"ఆయ్, మాదేనండి. మరెవరిదండీ?"

ఆయన కళ్ళు చెమర్చాయి. అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగాడు. ఆ రకంగా, ఊరందరి పిల్లుల కోసం పుట్టిన విభాగం మొత్తం, అధికారితో, సిబ్బందితో, కొర్రల బస్తాలతో సహా, ఒక్క మునసబు మీద వచ్చి పడింది.

అబద్ధమాడటం పేరిందేవమ్మకి ఎటూ చేతకాదు. ఈ విషయంలో అసలే నోరు రాదు. భర్త పోయిన ఏడాది వరదల్లో, తడిసిపోయిన గోనెల మధ్య చెయ్యంత కూడా లేని పిల్లికూన దొరికింది. ఒళ్ళో పెట్టుకుని కుంపటి దగ్గర ఆరబెట్టింది. ఆ తరవాత ఇంట్లో మరో ప్రాణి మెసులుతున్న చప్పుడు వినిపిస్తేగాని ఆవిడకి నిద్ర పట్టేది కాదు. దాన్ని మాది కాదనడం ఆవిడకి కట్టుకున్నవాణ్ణి కాదన్నంత పని.

మర్నాడు పోషకాహార నిపుణురాలు డాక్టర్ నిహారిక గారు వచ్చింది. ఆవిడకి పిల్లి బొచ్చు పడదు, తుమ్ములొస్తాయి. అందుకని వీధికి అవతల గవరమ్మ అరుగు మీద కుర్చీ వేయించుకుని, అక్కణ్ణించే పిల్లిని పరీక్ష చేసింది.

"లబ్ధిదారుకి మాంసకృత్తుల మీద వ్యామోహం కనిపిస్తోంది," అంది. "ఇది అవసరం కాదు. కేవలం దురలవాటు. చేప బంద్, పాలు బంద్. పొద్దున్న కొర్రంబలి. మధ్యాహ్నం ఉడికించిన సొరకాయ ముక్కలతో అరికెల అన్నం. సాయంత్రం మొలకెత్తిన పెసలు."

"పిల్లి కదండీ, నీసు లేందే ఎలా బతుకుద్దండీ?" అని పేరిందేవమ్మ వీధి దాటి వినపడేలా అడిగింది.

"అమ్మా, మీ తాతగారు ఏం తినేవారు?"

"అంబలండి."

"ఆరోగ్యంగా ఉండేవారా?"

"ఆయ్, రాయిలా ఉండేవాడండి."

"మరి?" అని డాక్టరు గెలిచినట్టు అందరి వంకా చూసింది.

"మా తాత పిల్లి కాదండి."

అక్కడున్న సిబ్బందిలో ఈ మాట ఎవరూ రాసుకోలేదు. డాక్టరు గారికి తుమ్ములు మొదలయ్యాయి.

ఊరందరి పిల్లులకని తెప్పించిన కొర్రల బస్తాలన్నీ, తెలిసిన చిరునామా ఒక్కటే కనక, పేరిందేవమ్మ కొట్లోకి దించారు. బియ్యం బస్తాలు గోడకి చేరాయి, గోడ బస్తాల వెనక్కి మాయమైంది. ప్రారంభోత్సవం రోజున కమిషనరు గారు స్వహస్తాలతో వెండి గిన్నెలో కొర్రంబలి పోసి మునసబు ముందు పెట్టారు. మునసబు వాసన చూసింది. కమిషనరు గారి వంక ఒకసారి చూసింది. తరవాత ముందుకాలితో గిన్నె చుట్టూ నేలని గీకుతూ, పిల్లులు ఏ పని ముగించాక మన్ను కప్పుతాయో ఆ పని ముగించినట్టే మన్ను కప్పబోయింది.

చూస్తున్న జనం నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. పుండరీకాక్షరావు మాత్రం తడుముకోలేదు.

"చూశారా సార్! రేపటికి దాచుకుంటోంది. మితాహారం, పొదుపు, రెండూ వచ్చేశాయి."

కమిషనరు గారు పొంగిపోయారు. వెళ్ళేముందు పుండరీకాక్షరావు పేరిందేవమ్మని పక్కకి పిలిచి నియమావళి చదివి వినిపించాడు. అందులో మిగతా ముక్కలు ఆవిడకి ఎక్కలేదు గాని ఒకటి మాత్రం గుండెల్లో దిగబడింది. నియమం తప్పి చేప గాని పాలు గాని పెట్టినట్టు తేలితే "సదరు లబ్ధిదారు సంరక్షణ కేంద్రమునకు తరలించబడును." సంరక్షణ కేంద్రం అంటే మున్సిపాలిటీ ఆఫీసు వెనకాల, చెత్త లారీలు నిలిపే చోట ఉన్న ఇనప బోను. అందులోకి వెళ్ళిన వీధికుక్కలు మళ్ళీ ఊళ్ళో ఎవరికీ కనపడలేదు.

పేరిందేవమ్మ చేపలమ్మిని వీధి మొగలోనే ఆపి, ఇక రావద్దని చెప్పింది.

అయినా మునసబు చిక్కలేదు. నిగనిగలాడుతూనే ఉంది. మునుపటికంటే చురుగ్గా కూడా తిరుగుతోంది. ఇదంతా కొర్రల మహిమేనని పుండరీకాక్షరావు నివేదికలు పంపాడు. పత్రికలో ఫోటో పడింది. "కొర్రంబలితో పులి అయిన పిల్లి" అని పైన పెద్దక్షరాలు. ఆ ఫోటో చూసి ఊళ్ళో ఒకరిద్దరు షావుకార్లు అన్నం మానేసి కొర్రలు పట్టారని కూడా చెప్పుకున్నారు.

అసలు సంగతి పేరిందేవమ్మకీ ఎలుకలకీ తెలుసు.

కమిషనరు గారు ఆ ఫోటో చట్రం కట్టించి కొట్లో తగిలించడానికి తామే వచ్చారు. గుమ్మం మీద మేకు కొడుతున్నారు. అదే సమయానికి బస్తాల వెనకనించి మునసబు ఠీవిగా నడుచుకుంటూ వచ్చింది. నోట్లో ఎలుక. తోక ఇంకా కొట్టుకుంటోంది. వచ్చిన పెద్దమనిషికి మర్యాద చెయ్యాలనుకుందో ఏమో, తెచ్చి సరిగ్గా ఆయన బూటు మీద పెట్టింది.

కమిషనరు గారు సుత్తి కిందికి దించారు.

"ఇది... నియమావళిలో ఉందా?" అన్నారు కమిషనరు గారు.

"లేదు సార్," అన్నాడు పుండరీకాక్షరావు, మొహం పాలిపోయి. "అనధికార బాహ్యాహారం సార్."

"ఎలుకలు పట్టకపోతే పిల్లెందుకండీ బాబూ?" అంది పేరిందేవమ్మ. "నా బియ్యం కాపాడేది వాడేనండి."

"అమ్మా, మీ బియ్యం మీ సొంత విషయం. లబ్ధిదారు కడుపు ప్రభుత్వానిది," అన్నారు కమిషనరు గారు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. లబ్ధిదారు వేటకి వెళ్ళకుండా చూడాలి. కట్టేస్తే జంతుహింస అవుతుంది. ఎలుకల్ని చంపిద్దామంటే ఎలుకల నిర్మూలన వేరే విభాగం, వాళ్ళు ఒప్పుకోరు. ఆలోచించగా ఆలోచించగా డాక్టరు నిహారిక గారు ఒక మాటంది. పిల్లి వస్తోందని ఎలుకలకి ముందే తెలిసేట్టు చేస్తే సరిపోతుంది కదా, దాని మెడలో గంట కడదాం. ఎలుకలు తరతరాలుగా సభలు పెట్టుకుని కూడా తేల్చుకోలేకపోయిన ఆ విషయాన్ని ఏటిపట్నం మున్సిపాలిటీ కాఫీ చల్లారే లోపల తేల్చేసింది. కట్టేదెవరన్న ప్రశ్న ఇక్కడా వచ్చింది. కాని మనుషుల్లో తాత్కాలిక ఉద్యోగులుంటారు, ఎలుకల్లో ఉండరు.

పిల్లికి సరిపడే గంట కొనడానికి నిబంధనల్లో వీలు లేదు. పశువుల గంటలకి మాత్రమే అనుమతి ఉంది. అందుకని ఎద్దు మెడలో కట్టే గంట తెచ్చి కట్టారు. దాని అంచున మున్సిపాలిటీ ముద్ర కూడా కొట్టించారు. ఆ బరువుకి మునసబు తల ఎత్తలేకపోయింది. ఒక అడుగేస్తే గంట, చెవి గోక్కుంటే గంట, నిద్రలో ఊపిరి గట్టిగా తీస్తే గంట. ఉలిక్కిపడి లేచేది, లేచినందుకు మళ్ళీ మోగేది. ఇంట్లో మెసిలే చప్పుడు లేందే నిద్రపట్టని పేరిందేవమ్మ ఇప్పుడు ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకునేది.

ఎలుకలకి మాత్రం శుభకాలం మొదలైంది. మొదట్లో ఆ గంట విని పారిపోయేవి. కొన్నాళ్ళకి గుడిలో గంట విన్న భక్తుల్లాగా ప్రసాదానికి వచ్చేవి. కొట్టు నిండా కొర్రలు, అరికెలు, మొలకెత్తిన పెసలు. ఎలుకలు పిలిస్తే పందికొక్కులొచ్చాయి. కొర్రల మీద విసుగు పుట్టినప్పుడు మార్పు కోసం పేరిందేవమ్మ బియ్యం కూడా కొరికి చూశాయి. మునసబు గడప దగ్గర గడ్డం నేలకానించి, తన కళ్ళ ముందే తోకలూపుకుంటూ పోయే జాతిని చూస్తూ పడుకునేది. డొక్కలు లోపలికి పోయాయి. మీసం మచ్చలు తప్ప మొహంలో ఏమీ మిగల్లేదు.

పేరిందేవమ్మ పుండరీకాక్షరావు కాళ్ళా వేళ్ళా పడింది. "బాబుగారూ, ఆడు సచ్చిపోతున్నాడండి. ఒక్క తలకాయండి, ఒక్క చేప తలకాయ పెట్టుకోనివ్వండి. మీకు పుణ్యముంటుంది."

"అమ్మా, మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు," అన్నాడాయన. "లబ్ధిదారు ప్రస్తుతం పరివర్తన దశలో ఉన్నాడు. బస్తాలు చూడండి. ఎంత వేగంగా ఖాళీ అవుతున్నాయో! ఆహారం ఒంటబట్టడం లేదని ఎలా అంటారు?"

బస్తాలు నిజంగానే ఖాళీ అవుతున్నాయి. ఖాళీ అయిన కొద్దీ కొత్తవి వస్తున్నాయి. ఎవరైనా దొంగచాటుగా నీసు పెడతారేమోనని ఆయన పొద్దున్న కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా అరుగు మీదే కూచుంటున్నాడు. పిల్లిని చూడటం తప్ప విభాగానికి వేరే పని కూడా లేదు. ఆవిడ లోపలికి పోయి, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, మోగకుండా గంట నాలుకని పిడికిట్లో పట్టుకుని ఏడ్చేది. గంట నాలుక పట్టుకుంటే చాలు, మునసబు అక్కడే నిద్రపోయేది.

పోటీ తనిఖీకి రాజధాని నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కండువా, చలవ కళ్ళద్దాలు. కమిషనరు గారు, డాక్టరు గారు, పుండరీకాక్షరావు ఆయన్ని ఊరేగింపుగా కొట్టుకి తీసుకొచ్చారు. మునసబు లేవలేక కూచుండిపోయింది. దాన్ని చూసి పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేనా మీ పులి?"

పెద్దాయన చేతికర్రతో దగ్గరున్న కొర్రల బస్తాని పొడిచాడు. బస్తా కదిలింది. మళ్ళీ పొడిచాడు. మూతి ఊడి, అందులోంచి బలిసిన పందికొక్కులు, వాటి వెనక ఎలుకలు, వాటి వెనక పిల్ల ఎలుకలు, బారులు తీరి ఆయన పంచె మీదుగా వీధిలోకి దిగాయి. ఒకటి రెండు తొందర లేక అక్కడే ఆగి మూతి తుడుచుకున్నాయి.

కమిషనరు గారు కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలో ఏటిపట్నం పరువు గంగలో కలిసిపోయేదే. కాని పుండరీకాక్షరావు దోమల దగ్గర రాటుదేలిన మనిషి. అడుగు ముందుకేసి చేతులు జోడించాడు.

"సార్, వీరే మన ప్రధాన లబ్ధిదారులు."

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు.

"పిల్లులకి అందరూ పెడతారు సార్. ఎలుకలకి పెట్టేదెవరు? అనాదిగా దొంగతిండి మీద బతికిన జాతి. ఈనాడు మన పథకం వల్ల ఆత్మగౌరవంతో కొర్రలు తింటోంది."

"వెంట్రుకల మెరుపు గమనించండి సార్," అని డాక్టరు నిహారిక గారు వెంటనే అందుకుంది. "పిల్లల ఎదుగుదల చూడండి. ఒక్క బాలింతలోనైనా రక్తహీనత ఉందా?"

పెద్దాయన ఇన్ని ఊళ్ళు తిరిగాడు గాని, పథకం ఫలితం ఇలా కళ్ళ ముందు పరుగెత్తడం ఆయనెక్కడా చూడలేదు. "అద్భుతం," అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం వెక్కిరిస్తూంటాం గాని, పట్టిన ఎలుకని లబ్ధిదారుగా చూపించగలిగితే కొండ తవ్విన ఖర్చు కూడా సమర్థనీయమే. ఏటిపట్నానికి ప్రథమ బహుమతి వచ్చింది. కమిషనరు గారికి శాలువా, పుండరీకాక్షరావుకి పదోన్నతి. మార్జాల పోషణ విభాగం పేరు మూషిక పోషణ విభాగంగా మారింది. బోర్డు మీద పిల్లి బొమ్మకి తోక పొడిగించి, చెవులు గుండ్రంగా దిద్దారు.

పేరు మారాక కొత్త విభాగం తన లబ్ధిదారుల క్షేమం ఆలోచించాలి కదా. ఆలోచిస్తే వాళ్ళ ప్రాణానికి ముప్పు ఎవరివల్లో తెలిసిపోయింది. మైకు కట్టిన ఆటో ఒకటి వీధులు తిరిగింది. "పథకపు లబ్ధిదారులకు ప్రాణహాని కలిగించు మార్జాలములను యజమానులు వెంటనే సంరక్షణ కేంద్రమునకు అప్పగించవలెను. లేనిచో సిబ్బందియే వచ్చి తీసుకుపోదురు."

ఊళ్ళో ఎవరూ కంగారు పడలేదు. వాళ్ళకి పిల్లులు లేవు.

గవరమ్మ వీధి దాటి వచ్చింది. పేరిందేవమ్మ గడప మీద నిస్సత్తువగా కూచునుంది. ఒళ్ళో పిల్లి, పిడికిట్లో గంట నాలుక.

"వదినా," అంది గవరమ్మ, పక్కన చతికిలబడి. "నిజం చెప్పి నువ్వు బావుకున్నదేంటి? బియ్యం పోయె, కొట్టు పోయె. ఇప్పుడు ఈడు కూడా పోతాడు. ఈ ఒక్కసారైనా ఊళ్ళోవాళ్ళలాగా బతకవే."

"వీణ్ణి మాది కాదని ఎలాగనేది గవరా? నోరెలా వస్తది?"

"ఆ బోను గుర్తు తెచ్చుకో. అదే వస్తది."

పేరిందేవమ్మ లేచి, బస్తాల మూతులు కోసే కత్తి తీసుకుని, మునసబు మెడలో తాడు కోసేసింది. తాడు ఒరిసిన చోట బొచ్చు రాలిపోయి చర్మం ఎర్రబడి ఉంది. ఆ చోట కొబ్బరినూనె రాస్తూ మున్సిపాలిటీ పుట్టు పూర్వోత్తరాలన్నీ తిట్టింది. గంట గవరమ్మ గేదె మెడకి చేరింది. దానికి సరిగ్గా సరిపోయింది కూడా. తరవాత పేరిందేవమ్మ చేపలమ్మిని కేకేసింది.

పుండరీకాక్షరావు బోను బండితో వచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూచుని సత్తుగిన్నెలో అన్నం పిసుకుతోంది. అందులో చేప తలకాయ.

"ఎవరికమ్మా అది?"

ఆవిడ తల ఎత్తలేదు. "నాకేనండి."

"పిల్లి ఏది?"

"ఏ పిల్లండి?"

"మీ పిల్లి. మునసబు."

పేరిందేవమ్మకి వరదలో తడిసిన గోనెలు గుర్తొచ్చాయి, కుంపటి గుర్తొచ్చింది. గిన్నెలో అన్నం ఇంకాస్త గట్టిగా పిసికింది.

"మాకు పిల్లి లేదండి."

అదే సమయానికి మునసబు బస్తాల మీంచి దిగి వచ్చింది. నాలుగడుగులు తూలింది, నిలదొక్కుకుంది. పుండరీకాక్షరావు ప్యాంటుకి వీపు రాసి, ఆయన బూట్ల మధ్యలోంచి నడిచి, పేరిందేవమ్మ ఒళ్ళోకి ఎక్కి గుర్రుమనసాగింది.

"మరి ఇది?"

"ఏమోనండి. ఎవరిదో." చెయ్యి దాని వీపు మీదికి పోబోతే బలవంతాన ఆపుకుంది. "పది ఇళ్ళు తిరుగుద్ది కదండీ పిల్లి."

"నిజమేనండి బాబుగారూ," అంది గవరమ్మ ఎదురరుగు మీంచి. "మా వీధిలో పిల్లులేంటండి? పక్క వీధిలోంచి వస్తాయి."

పుండరీకాక్షరావు వంగి పిల్లి మెడ చూశాడు. విభాగం గుర్తించిన పిల్లికి మున్సిపాలిటీ ముద్ర ఉన్న గంట ఉంటుంది. ఈ పిల్లికి గంట లేదు. గంట లేని పిల్లి విభాగం పిల్లి కాదు. విభాగం పిల్లి కానిది ఊళ్ళో పిల్లి కాదు. ఇన్నాళ్ళూ పొద్దస్తమానం ఎదురుగా కూచుని చూసిన మీసాల్ని ఇంకోసారి చూశాడు. ఎక్కడో చూసినట్టే ఉందనుకున్నాడు గాని, ముఖ పరిచయం నిబంధనల్లో లేదు. పైగా అప్పగించేవాళ్ళు లేకుండా పిల్లిని పట్టుకెళ్తే దాని తిండి ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు. ఒడ్డున ఉన్న కంపని ఒంటికి తగిలించుకోవడం దేనికని, బండివాణ్ణి వెనక్కి తిప్పమన్నాడు. "ఈ పట్టణమున మార్జాలములు లేవు" అని అక్కడికక్కడే ఫోనులో కమిషనరు గారికి విన్నవించాడు. కమిషనరు గారు ఎంతో సంతోషించారు.

బండి మలుపు తిరిగాక పేరిందేవమ్మ పిల్లిని గుండెలకి అదుముకుంది. కళ్ళనీళ్ళు దాని నెత్తి మీద పడ్డాయి. "తప్పైపోయిందిరా మునసబూ. నువ్వు నావోడివేరా. ఊళ్ళోవాళ్ళకి కాదుగాని నాకు నావోడివే." పుట్టి బుద్ధెరిగాక ఆవిడాడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఆడించినవాళ్ళకి శాలువాలు కప్పారు. ఆవిడ మాత్రం సిగ్గుతో రెండ్రోజులు కొట్టు తెరవలేదు.

చేప తలకాయలు పడ్డాక మునసబు ఒంట్లోకి మళ్ళీ సత్తువ వచ్చింది. మూడోనాడు మధ్యాహ్నం పేరిందేవమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. కొర్రల బస్తా మూతి దగ్గర ప్రథమ బహుమతి తెచ్చిపెట్టిన పందికొక్కు ఒకటి, బాగా బలిసింది, తీరిగ్గా తల బైటపెట్టి గంట కోసం చెవులు రిక్కించింది. గంట ఎక్కడో గవరమ్మ గేదె దగ్గర మోగింది. పిల్లి దూరంగానే ఉందని దానికి ధైర్యం చిక్కి, కిందికి దిగింది.

మరి కాసేపటికి లబ్ధిదారుల్లో ఒకరు తగ్గారు. రికార్డుల ప్రకారం ఊళ్ళో పిల్లులు లేవు కనక, దానికి ఎవరూ బాధ్యులు కారు.